కిందికి దిగిన గీత

మా ఆయన మహేందర్ మూడో కట్ట కూడా ఇంటికే తెచ్చాడు.

“గిదే లాస్టు రజితా. ఇగ నిన్ను సతాయించ” అని దాన్ని డైనింగ్ టేబుల్ మీద పెట్టి, చెప్పులు విడవడానికి మళ్లీ వాకిట్లోకి పోయాడు. నేను అనకముందే గుర్తొచ్చినట్టుంది.

ఆయన జనగామలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. మూడేళ్ల కింద ప్రిన్సిపాల్ ఆయనకు ఇంకో పని అంటగట్టాడు. కాలేజీలో చేరిన పిల్లలకు చదువుతో పాటు ఏమేం నైపుణ్యాలు పెరుగుతున్నాయో ఏటా కొలిచి చూపించాలి. అందుకొక ఫారం. అందులో ఎనిమిది ప్రశ్నలు. నలుగురిలో మాట్లాడడం వచ్చా, సమస్య వస్తే విడదీసి చూడడం వచ్చా, కలిసి పనిచేయడం వచ్చా, సొంతంగా నేర్చుకోవడం వచ్చా, ఇలాంటివి. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా ఎవరికి వాళ్లే మార్కులు వేసుకోవాలి. ఒకే తరగతి పిల్లలు, నలభై రెండు మంది, మొదటి సంవత్సరం నుంచి మూడో సంవత్సరం దాకా.

నేను హనుమకొండలో స్టాటిస్టిక్స్‌తో బీఎస్సీ చేశాను. కాలేజీ ఆపరేటర్ ఎక్కించిన అంకెల్లో మొదటి రోజే పదకొండు తప్పులు చూపించాను. ఆ రోజు నుంచి ఫారాలు మా ఇంటికి రావడం మొదలైంది. నా పేరు ఎక్కడా ఉండదు. వంట అయ్యాక, బట్టలు ఆరేశాక, మధ్యాహ్నాలు కూర్చొని ఎక్కిస్తాను.

మొదటి ఏడు ఎక్కించేటప్పుడు నవ్వొచ్చింది. సగం మందికి పైగా అన్నిటికీ ఐదే. ఎందుకో తర్వాత తెలిసింది. తక్కువ వేసుకున్నవాళ్లను సాయంత్రం అదనపు క్లాసులో కూర్చోబెడతారని సీనియర్లు భయపెట్టారట. కూర్చుంటే దేవరుప్పుల పోయే బస్సు దొరకదు. హాస్టల్లో ఉండే వాళ్లకు బస్సు భయం లేదు, అయినా వాళ్లలోనూ ఐదులున్నాయి. వాళ్లు నిజంగానే అలా అనుకున్నారు. పెద్దవంగర దగ్గరి తండా నుంచి వచ్చిన బానోతు నవ్య వాళ్లలో ఒకతె. గుండ్రని అక్షరాలు, ఎనిమిది ఐదులు, ఎక్కడా కొట్టివేత లేదు.

ఇప్పుడు మూడో కట్ట కూడా ఎక్కించి, మూడేళ్ల సగటు తీసి, గీత గీశాను. గీత కిందికి దిగింది.

మహేందర్ వెనక నిలబడి చూశాడు. “తలకిందులెక్కించినవా?”

“లేదు.”

“మల్లొకసారి సూడు.”

“రెండుసార్లు సూసిన. మొదటేడు నాలుగు దాటింది. రెండోయేడు మూడున్నర. ఇప్పుడు మూడు కూడ లేదు.”

ఆయన కుర్చీ లాక్కొని కూలబడ్డాడు. ఇంకో రెండు వారాలకు, శుక్రవారం నాడు, కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోంది. వాళ్ల ముందు పెట్టే ఫైల్లో మొదటి కాగితం ఈ గీతే.

“గిది చూస్తే ఏమనుకుంటరు? పిల్లలను మూడేండ్లు కూసోబెట్టి మొద్దులను చేసి పంపుతున్నమనుకుంటరు.” గొంతు తగ్గించాడు. “ఒక్క పని చెయ్యి. పైన రాసిన సంవత్సరాలు మార్చు. మొదటేడుది మూడోదానికి పెట్టు, మూడోది మొదటికి పెట్టు. అంకెలు ముట్టుకోవద్దు. అంకెలన్నీ నిజమైనవే ఉంటయ్.”

“నేను మార్చ.”

“ఎందుకు?”

“గవి పిల్లలు ఏ ఏడుకు ఆ ఏడు రాసినయ్. నేను రాసినయ్ గావు.”

ఆయన నాతో వాదించలేదు. సోమవారం పిల్లలందరికీ కొత్త ఫారాలు పంచి మళ్లీ నింపించాడు. పది నిమిషాల్లో అయిపోయిందట. రెండులన్నీ నాలుగులయ్యాయి, మూడులన్నీ ఐదులయ్యాయి. నలభై ఒక్క మంది అడిగినట్టే నింపారు. నవ్య మాత్రం ఏడు రెండులు, ఒక మూడు, ఈ ఏడు మొదట ఎలా వేసిందో అలాగే వేసి ఇచ్చింది. పైగా, అందరూ ఖాళీగా వదిలేసే అడుగు భాగంలో అరపేజీ రాసింది.

“గీ పిల్లకేమైంది?” అన్నాడు మహేందర్ ఆ కాగితం నా ముందు పడేసి. “జిల్లా ఎగ్జిబిషన్ల ఫస్టు ప్రైజు కొట్టింది. కమిటీ ముందర పెట్టే ప్రాజెక్టు దీనిదే. భూపాలపల్లికి పోయే లెటరు కూడ దీనికే అనుకున్నం.”

భూపాలపల్లిలో ఊళ్ల తాగునీళ్లు పరీక్ష చేసే సంస్థ ఒకటుంది. ఏటా కాలేజీ నుంచి ఒక్కరిని పనిలోకి తీసుకుంటుంది. ప్రిన్సిపాల్ సంతకంతో సిఫారసు ఉత్తరం ఉండాలి. నవ్య రెండేళ్ల నుంచి ఆ ఉత్తరం కోసమే చూస్తోందని నాకూ తెలుసు.

“ప్రిన్సిపాల్ సాబ్ ఖరాఖండిగ చెప్పిండు. ఫారం మార్చకుంటే లెటరు గదే క్లాసుల ఉన్న జశ్వంత్‌కు ఇస్తడట. ఆదివారం ఇంటికి రమ్మన్న. నువ్వు గూడ జర చెప్పు, ఆడపిల్ల గద, నీ మాట వింటది.”

ఆదివారం పొద్దున నవ్య వచ్చింది. వెంట వాళ్లమ్మ తుల్సీబాయి కూడా ఉంది. చదువు అయిపోవచ్చింది కదా, హాస్టల్ నుంచి సామాన్లు తీసుకుపోవడానికి వచ్చిందట. నవ్య ముందు గదిలో మహేందర్ ఎదురుగా కూర్చుంది. తుల్సీబాయి లోపలికి రమ్మన్నా రాలేదు. వాకిట్లో పాత చీర మీద నేను ఎండబోసిన మిరపకాయల దగ్గర ఆగిపోయింది. అవి ఏడాది కారానికని కొన్నవి.

“ఏరినవా అమ్మా గివి?”

“ఏరిన అక్కా. రెండు రోజులు కూసొని ఏరిన.”

తుల్సీబాయి చీర అంచు మీద కూర్చొని కాయల్లో చేయి పెట్టింది. నేను లోపల టీ పెట్టి, కాగేలోపు వచ్చి చూస్తే ఆమె పక్కన పనికిరాని కాయల పెద్ద కుప్ప తేలింది.

“గవన్నీ తాలేనా? ఎర్రగనే ఉన్నయ్ గద!”

తుల్సీబాయి ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది. “తొడిమ కాడ సూడు. తెల్లగ తిరుగుతాంది. గిది కారంల పోతే రంగొస్తది, ఘాటు రాదు.”

నేను చూశాను. వెలుతురుకు పట్టి చూస్తే గాని కనపడలేదు. రెండు రోజులు ఏరిన నాకు దోసెడు తాలు వచ్చింది. అప్పుడు, మంచి సరుకు దొరికిందని సంతోషపడ్డాను.

“కొత్తగ కూలికొచ్చిన పోరగాండ్లు గిట్లనే ఏరుతరు” అన్నది తుల్సీబాయి, చేయి ఆపకుండానే. “పొద్దుమూకే దాక కూసున్నా చారెడు తాలు రాదు. పది పంటలు ఏరినంక అదే కుప్పల గంపెడెల్తది. రైతేమో మా మీద లొల్లి పెడ్తడు, గింత తాలు యాడికెల్లి తెచ్చిన్రని. మేం తెస్తమా? కాయలనే ఉండె.”

లోపల మహేందర్ గొంతు పెరిగింది. నేను టీ గ్లాసులు తీసుకొని పోయాను.

“సమస్యను విడదీసి చూసుడు నీకు రెండేనా?” అంటున్నాడు. “మరి ఫస్టియర్ల ఐదెందుకేసినవ్?”

“అప్పటికి నేను ఒక్క సమస్య గూడ చూడలే సార్” అన్నది నవ్య. సన్నటి గొంతు, కానీ తడబాటు లేదు. “బుక్కుల ఉన్న లెక్కలే చేసిన. అన్నీ వచ్చినయ్.”

“ప్రైజు ఎవరికొచ్చింది? నీ ప్రాజెక్టుకు రాలే?”

“గా ప్రైజు తప్పు సార్.”

“ప్రైజు తప్పెట్లయితది?”

“నీళ్లల్ల క్షారం ఎక్కువున్నదని రాసినం. నీళ్లల్ల లేదు. సీసలల్ల ఉన్నది.”

మహేందర్ చేతిలోని ఫారం కింద పెట్టాడు. ఆ ప్రాజెక్టుకు గైడు ఆయనే. రెండో సంవత్సరం చివర్లో నవ్య తమ తండా చుట్టూ పన్నెండు బోర్ల నీళ్లు పట్టుకొచ్చి పరీక్ష చేసింది. పన్నెండింటిలోనూ క్షారం ఎక్కువని తేలింది. ప్రైజు వచ్చింది, పేపర్లో ఫొటో పడింది. తండాలో ఆ బోర్ల నీళ్లు తాగడం మానేశారు. ఆడవాళ్లు నెల రోజులు పక్క ఊరి నుంచి మోసుకొచ్చారు. మూడో సంవత్సరం మొదలవగానే నవ్య ఎవరూ అడగకుండానే మళ్లీ పరీక్ష చేసింది, ఈసారి ల్యాబ్ సీసాలతో. నీళ్లు బాగానే ఉన్నాయి.

ఇదంతా ఆ అరపేజీలో రాసింది. నేను మూడుసార్లు చదివాను. ఒక్కటి మాత్రం రాయలేదు, సీసాలకు క్షారం ఎలా అంటిందో.

“సీసలకేమైంది?”

తుల్సీబాయి గుమ్మంలో నిలబడి ఉంది. చేతికి మిరపకాయల ధూళి.

నవ్య తల వంచుకుంది.

“నేనే గద తోమిన” అన్నది తుల్సీబాయి నా వైపు తిరిగి. “బిడ్డ పెద్ద పరీక్ష చేస్తదంటే పొయ్యిల బూడిద తీసి, పీచు పెట్టి తోమిన. అద్దాల లెక్క మెరిసినయ్.”

నవ్య వాళ్ల భాషలో నెమ్మదిగా ఏదో చెప్పింది. నాకు అర్థం కాలేదు గానీ, తుల్సీబాయి ముఖం చూస్తే ఎక్కడిదాకా చెప్పిందో తెలుస్తూనే ఉంది. బూడిదలోనే క్షారం ఉంటుంది. సీసా అడుగున కాస్త మిగిలినా చాలు.

“అంటే” అన్నది తుల్సీబాయి తెలుగులోకి వచ్చి, అందరం వినాలన్నట్టు, “నెల రోజులు నెత్తి మీద బిందెలు పెట్టుకొని నేను నడిచింది నా పొయ్యిల బూడిదకా?”

“అవు యాడీ” అన్నది నవ్య. అమ్మను వాళ్ల భాషలో అలాగే పిలుస్తుంది.

“మరి తండాల నిన్ను తిట్టిన్రు గద. నాతోటి తప్పయిందని నువ్వే చెప్పుకుంటివి. నా బూడిదని ఎందుకు చెప్పకపోతివి?”

“సీసలు ఎట్ల కడగాల్నో నేను చెప్పాలె. నువ్వు కడిగినంక నేను మల్ల కడిగి చూడాలె. రెండూ చెయ్యలే. నీదేం తప్పున్నది?”

“అవు, నాదేమున్నది” అన్నది తుల్సీబాయి. “సదువుకున్నదానివి నువ్వు.”

“అందుకే గద రెండేసుకున్న.”

తుల్సీబాయి నవ్వింది. పెద్దగా, పమిట నోటికి అడ్డం పెట్టుకొని. నాకూ నవ్వొచ్చింది. మహేందర్‌కు రాలేదు.

“సరే, అయిందేదో అయింది” అన్నాడు. “గీ ముచ్చట మన నలుగురి నడుమ ఉండనీ. ఫారంల గింత కథ రాసుడెందుకు? అన్నిటికీ నాలుగు వెయ్యి చాలు. భూపాలపల్లి లెటరు కావాల్నా, వద్దా?”

“కావాలె సార్.”

“మరి?”

“లెటరు కావాలె. నాలుగు మాత్రం ఎయ్య.”

“జశ్వంత్ అన్నిటికీ ఐదేసిండు, ఎరుకేనా?”

“వానికి వస్తయేమో సార్.”

“వానికేమొస్తయ్? యాసిడ్ సీస మూత తీసుడే రాదు వానికి!”

“గ మాట మీరంటున్నరు సార్. ఫారంల లేదు.”

మహేందర్ నా వైపు చూశాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు. నేను నవ్య ముందు టీ గ్లాసు పెట్టాను.

“తాగు బిడ్డా, చల్లారుతది” అన్నాను.

వాళ్లు పోయాక ఆయన మళ్లీ నింపించిన ఫారాల కట్ట నా ముందుకు జరిపాడు. “గివి ఎక్కియ్యి. నవ్యది తీసెయ్యి. నలభై ఒక్కటే చాలు.”

“నలభై రెండు” అన్నాను. “గివి నేను ఎక్కియ్య. పాతవి ఎక్కిచ్చుడైపోయింది.”

“గీత కిందికి పోయింది రజితా!”

“పోయింది. వాకిట్ల కుప్ప చూసిన్రా? నేను ఏరినప్పుడు దోసెడు తాలు. తుల్సీబాయి ఏరితే గంపెడు. నా కండ్లకు కనపడనియ్ ఆమెకు కనపడ్డయ్. పిల్లలకు గూడ మూడేండ్లకు గదే జరిగింది. మీరు నేర్పితేనే జరిగింది.”

“కమిటోళ్లకు మిరపకాయలు చూపించాల్నా?”

“వద్దు. గిది చూపియ్యుండ్రి.”

మూడేళ్ల ప్రాక్టికల్ మార్కులు కూడా నా దగ్గరే ఉన్నాయి. అవి బయటి కాలేజీ వాళ్లు వచ్చి వేసినవి, పిల్లలు వేసుకున్నవి కావు. అదే కాగితం మీద రెండో గీత గీశాను. అది పైకి పోయింది. తమకు తాము ఎక్కువ తగ్గించుకున్న పిల్లలకే ఆ మార్కులు ఎక్కువ పెరిగాయి. నవ్యవి అందరికన్నా ఎక్కువ పెరిగాయి. మూడేళ్లూ ఐదులే వేసుకున్న నలుగురివి ఉన్నచోటే ఉన్నాయి. ఒక పోలికను బట్టి అన్నీ తేల్చలేం, బస్సు దొరకదనే భయంతో వేసుకున్న ఐదులూ ఉన్నాయి కాబట్టి ఆ మాట కూడా కింద రాశాను. దాని కింద ఇంకో వరుస టైపు చేశాను. అంకెలు నమోదు చేసి గీత గీసినది, రజిత, బీఎస్సీ, స్టాటిస్టిక్స్.

“నీ పేరెందుకు?” అన్నాడు మహేందర్.

“మూడేండ్ల నుంచి నేనే చేస్తున్న గద.”

“ఇన్ని రోజులు లేనిది ఇప్పుడెందుకని?”

“గీ కాగితంల ఒక్క అంకె మారినా నా పేరు మీద అబద్ధం పోతది. పోతే నేనే వచ్చి కమిటీకి చెప్త.”

“బెదిరిస్తున్నవా?”

“అవును” అన్నాను.

పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆయనతో అలా అనడం అదే మొదటిసారి. ఆయన కాగితం తీసుకొని చాలాసేపు చూశాడు. తప్పు దొరుకుతుందేమోనని చూస్తున్నాడని నాకు తెలుసు. దొరకదని కూడా తెలుసు.

శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కొని, అన్నం తినకుండా చెప్పాడు. ప్రిన్సిపాల్ కొత్త ఫారాలతో వేరే గీత తయారు చేయించాడట, నిచ్చెనలా పైకి పోయేది. ఫైల్లో అదే పెట్టించాడు. మహేందర్ దాని వెనక నాది పెట్టాడు. కమిటీలో ఒకావిడ రెండూ తీసి పక్కపక్కన పెట్టి, ఏది నిజమని అడిగింది.

“మీరేం చెప్పిన్రు?”

“వెనకది అన్న.” ఆయన నీళ్లు తాగాడు. “నవ్యను పిలిచి అడిగిన్రు. బూడిద కాడికెల్లి మొత్తం చెప్పింది. గ ప్రాజెక్టు గైడెవరమ్మా అంటే నా దిక్కు చూసింది. నేను చెయ్యి లేపిన.”

“గ్రేడు?”

“రెండు నెలలు పడ్తది. లెటరు మాత్రం ఇయ్యాల్నే జశ్వంత్‌కు ఇచ్చిండు ప్రిన్సిపాల్. నా కండ్ల ముందరనే సంతకం పెట్టిండు.”

మంగళవారం పొద్దున్నే గేటు చప్పుడైంది. నవ్య. భుజానికి బ్యాగు, చేతిలో పాలిథిన్ కవర్లో రెండు కాగితాలు, తప్పు వచ్చిన పరీక్షా, సరైన పరీక్షా.

“పోతున్న మేడం. చెప్పిపోదామని వచ్చిన.”

“యాడికి?”

“భూపాలపల్లికి.”

“లెటరు లేదు గద బిడ్డా.”

“లెటరు లేకుంటే కొడ్తరా? పోయి అడుగుత. రాత్రికి మా మేనత్త ఉన్నది మొగుళ్లపల్లిల. ఇయ్యాల కాదంటే రేపు మల్ల పోత.”

మహేందర్ లోపలి నుంచి వచ్చాడు. గడ్డానికి సబ్బు నురగ అలాగే ఉంది. తువ్వాలతో ముఖం తుడుచుకొని, టేబుల్ దగ్గర కూర్చొని, తెల్ల కాగితం తీసుకున్నాడు. కాలేజీ ముద్ర లేదు, ప్రిన్సిపాల్ సంతకం లేదు. పేజీ నిండా రాసి, కింద తన పేరు, తన ఫోన్ నంబరు వేసి ఇచ్చాడు.

నవ్య నిలబడే చదివింది. చదువుతూ చదువుతూ ముఖం చిట్లించింది.

“సార్, అన్నింటిలో దిట్ట అని రాసిన్రు.”

“అయితే?”

“గది తీసెయ్యుండ్రి. పన్నెండు బోర్లు రెండుసార్లు పరీక్ష చేసింది, మొదటిసారి తప్పు వచ్చింది అని రాయుండ్రి.”

“తప్పని సిఫారసు లెటర్ల ఎవరన్న రాస్తరా?”

“తప్పు నేనే పట్టుకున్న గద సార్. గది గూడ రాయుండ్రి.”

మహేందర్ నన్ను చూశాడు. నేను ఇంకో తెల్ల కాగితం ఇచ్చాను. మళ్లీ రాశాడు. ఈసారి ఎనిమిది వరుసలే అయ్యాయి. గైడు కూడా ఆ తప్పును గమనించలేదని తనంతట తానే ఒక వరుస కలిపాడు. నవ్య అది చదివి, ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, మడిచి కవర్లో పెట్టుకుంది.

రోజంతా ఫోన్ కోసం చూశాం. ఆయన కాలేజీ నుంచి రెండుసార్లు చేసి అడిగాడు. నాలుగు దాటాక నవ్య ఫోన్ వచ్చింది. వెనక బస్సు హారన్లు వినిపిస్తున్నాయి.

“ఏమైంది బిడ్డా? లోపటికి రానిచ్చిన్రా?”

“రానిచ్చిన్రు మేడం. జశ్వంత్ గూడ వచ్చిండు. సారు లెటరు చదివి అక్కడి ఆఫీసరు నవ్విండు. ఇద్దరికీ నీళ్లిచ్చి పరీక్ష చెయ్యమన్నరు.”

“చేసినవా?”

“చెయ్యలే.”

“ఎందుకని?”

“పరీక్షకు మందు కొలిచి పోసే వాళ్ల గాజు గొట్టం కారుతాంది మేడం. కింద మూతకాడ చుక్కచుక్క పడుతాంది. గట్ల కారితే లెక్క సక్కగ రాదు. జశ్వంత్ చేసేసి అంకె రాసిచ్చిండు. నేను గొట్టం కారుతుందని రాసిచ్చిన.”

“వాళ్లేమన్నరు?”

“ఆఫీసరుకు కోపమొచ్చింది. ఆరు నెలల సంది గిదే వాడుతున్నం, ఎవ్వరేం అనలేదన్నడు. ఆరు నెలలవి మల్ల చేసి చూడుండ్రి సార్ అన్న.”

నేను ఫోన్ చెవికి గట్టిగా పట్టుకున్నాను. “మరి పని? తీసుకున్నట్టా, లేనట్టా?”

“తెల్వది మేడం. రేపు పది గంటలకు మల్ల రమ్మన్నడు. తిట్టడానికో, కొత్త గొట్టం ఇయ్యడానికో.” హారన్ల మధ్య గొంతు పెంచింది. “ఏదైనా సరే, తొమ్మిదిన్నరకే పోత.”